ఖాజామియా చెవిలో మోటరు

2005 జూన్‌లో నన్ను నాగర్‌కర్నూల్ ప్రభుత్వ ఆస్పత్రికి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిగా బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ సర్కారు వైద్యంలో స్పెషలిస్టుకు అది మొదటి మెట్టే. నా గదిలో నుదుటికి కట్టుకునే అద్దం, చెవిలోకి చూసే టార్చి, మోగించి వినికిడి పరీక్షించే మూడు ట్యూనింగ్ ఫోర్కులు ఉండేవి. వినికిడిని గీతగా గీసి చూపే ఆడియోమీటర్ లేదు. ఆ పరీక్ష కావాలంటే రోగిని మహబూబ్‌నగర్ పంపాలి. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఆ మూడు ఫోర్కులతో నేను చేసిన పని, గదినిండా యంత్రాలున్న చాలామంది చేయలేదని ఇప్పటికీ గట్టిగానే అంటాను. వినేవాళ్లు గర్వమంటే అననివ్వండి.

ఆ వానాకాలంలోనే అచ్చంపేట నుంచి ఖాజామియా తన భార్య హసీనాతో కలిసి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మోటరు మెకానిక్. పిండిగిర్నీల మోటర్లు, బావుల మీది పంపుసెట్లు బాగుచేస్తాడు. లింగాల వైపు రైతులు కూడా అతన్నే పిలిచేవాళ్లట. మోటరు తిరుగుతుండగా స్క్రూడ్రైవర్ కొనను దాని మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపెట్టి వింటాడు. బేరింగు అరిగిందో, షాఫ్టు వంగిందో విప్పకుండానే చెప్పేస్తాడు. ఆ చెవే అతని దుకాణం.

"రెండు చెవులల్ల జుయ్యిమని ఒకటే మోత మేడం. మోటరు బందువెట్టినా నా తలకాయల మోటరు బందైతలేదు," అన్నాడు. అంతకుముందు నెలలో మంచి మోటర్లనే పాడైనవనుకుని విప్పేశాడట. మియాకు చెవులు పోయినయని లింగాలలో పుకారు లేచింది. వానాకాలం పోయి యాసంగి వేరుశనగ విత్తే లోపు నయం కాకపోతే దుకాణం బామ్మర్దికి అప్పజెప్పి, పుణేలో బిల్డింగు పనికి పోతానన్నాడు. ఆ మాటకు హసీనా మొహం తిప్పుకుంది.

ఈ మోతను మా భాషలో టినిటస్ అంటాం. బయట శబ్దమేమీ ఉండదు. చెవి నుంచి మెదడుకు అందవలసిన సంకేతం తగ్గినప్పుడు, స్టేషను దొరకని రేడియో గరగరలాడినట్టు, మెదడు తనంతట తానే ఏదో వినిపిస్తుంది. బాధ మాత్రం అబద్ధం కాదు. నిద్ర పోతుంది, తిండి పోతుంది, మనిషి ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడతాడు.

వాడుతున్న మందులు చూపించమంటే సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. జింకో అనే విదేశీ చెట్టు ఆకు మాత్రలు, జింకు, మెగ్నీషియం, చేపనూనె గోలీలు, బి-పన్నెండు సూదిమందు, రాత్రికో నిద్రమాత్ర. వీటి పైన కుంగుబాటుకిచ్చే మాత్ర ఒకటి. మెదడులో రసాయనం తక్కువైంది, అది పెరిగితే మోత ఆగుతుందని మందుల దుకాణం అతను చెప్పాడట. నాకు ఒళ్లు మండింది. మెదడు రసాయనం తక్కువైందని కౌంటరు వెనక నిలబడి కొలిచాడా వాడు! బి-పన్నెండు నిజంగా తక్కువున్నవాడికి సూది పని చేస్తుంది. కుంగిపోయినవాడికి ఆ మాత్ర మేలు చేస్తుంది, మోతను తట్టుకునే ఓపికనూ ఇస్తుంది. అంతేగానీ, మోతనే తీసేసే గోలీ ఒకటుందని నా సర్వీసులో నేనెవరికీ మాటివ్వలేదు.

నా పద్ధతి వేరు. ఒక్కొక్కటే ఆపాలి, కొన్నాళ్లు చూడాలి, తర్వాత ఇంకోటి ఆపాలి. అన్నీ ఒకేసారి ఆపితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. నిద్రమాత్ర, కుంగుబాటు మాత్ర అయితే ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, సగం సగం తగ్గించుకుంటూ రావాలి. మా సూపరింటెండెంటు గారు ఎందుకమ్మా ఈ తలనొప్పి, ఏదో నరాల గోలీ రాసి హైదరాబాద్ పంపెయ్యరాదా అన్నారు. హైదరాబాద్ పంపితే సంచిలో ఇంకో రెండు గోలీలు చేరతాయి సార్ అన్నాను. ఆయన నవ్వేశారు.

ఒక్కో మందూ తగ్గింది, మోత తగ్గలేదు. ఖాజామియాకు కోపమొచ్చింది.

"ఉన్న గోలీలన్ని బందువెట్టిస్తుండ్రు. గిట్లైతె నేనెందుకు రావాలె మేడం? మా దిక్కు డాక్టరే నయం, పోయినప్పుడల్ల ఒక సూదన్న ఏస్తడు."

"సూదే కావాలంటే అక్కడికే పో. చెవి కావాలంటే ఇక్కడ కూర్చో," అన్నాను. నా నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఖాజామియా లేవబోయాడు. హసీనా అతని చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది.

మహబూబ్‌నగర్ నుంచి వినికిడి గీత వచ్చాక నాకు అసలు అనుమానం మొదలైంది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసేవాడి చెవి సన్నని కీచు శబ్దాల దగ్గర దెబ్బతింటుంది, గీతలో అక్కడ గుంట పడుతుంది. ఇతనికి ఆ గుంట చిన్నగానే ఉంది. కానీ రెండు చెవుల్లోనూ గీత మొత్తం సమానంగా కిందికి దిగింది. దుకాణం మోత అలా చేయదు. ఏదో మందు చేస్తుంది. సంచిలో ఉన్నవేవీ అలాంటివి కావు.

ఆ తర్వాతి రాకలో అతని బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ముందురోజు మోటరులో చుట్టే వైండింగ్ తీగ కోసుకుందట. గుడ్డ ఇంకా ఎర్రగా తడుస్తోంది. అంత చిన్న గాటు మర్నాటికీ ఆరకపోవడమేమిటి? జింకో ఆకు మాత్ర రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వదన్న అనుమానం ఉంది గానీ దాన్ని మొదటే మాన్పించాను. ఇక రక్తం మీదా చెవి మీదా ఒకేసారి పనిచేసే మందు నాకు తెలిసి ఒకటే. వచ్చిన ప్రతిసారీ ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడిగాను, ప్రతిసారీ లేదని ఒట్టు పెట్టాడు. అందుకే ఈసారి నేను మందు మాటే ఎత్తలేదు.

"నడుం నొస్తుందా?"

"మోటర్లు లేపేటోనికి నడుము నొయ్యదా మేడం?"

"మరి నొస్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్త, చాయ్ తాగుత. మల్ల పనిల వడ్త."

హసీనా ఫక్కున నవ్వింది. "ఉత్త చాయేనా? చాయ్ చాయ్‌కి రెండు రెండు గోలీలు ఎవరు మింగుతుండ్రు మరి?"

"గదేం మందే? ఒళ్లు నొప్పుల గోలీ!" అని భార్యను కసిరి, నావైపు తిరిగి, "గది కిరాణం దుకాన్ల దొరుకుతది మేడం. శక్కరి, చాపత్త తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటం. మా దిక్కు అందరు ఏస్కుంటరు," అన్నాడు. చొక్కా జేబులోంచి కత్తిరించిన గోలీల పట్టీ ముక్క తీసి చూపించాడు.

ఆస్పిరిన్. మోతాదు మించితే చెవి మందగిస్తుంది, మోత పుడుతుంది, ఆపితే చాలావరకు తేరుకుంటుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంత సంతోషం నాకు పీజీ పాసైన రోజు కూడా కలగలేదు. పొద్దున, పగలు, రాత్రి రెండేసి చొప్పున ఏళ్లుగా వేసుకుంటున్నాడు. మోత మొదలయ్యాక తలనొప్పి వస్తోందని ఇంకా పెంచాడు. మోతకు భయపడి గోలీ, ఆ గోలీతో ఇంకింత మోత! అతను అబద్ధమాడలేదు. మా పాలమూరు జిల్లాలో ఒళ్లు వంచి పనిచేసేవాడికి అది మందుల లెక్కలోకి రాదు, చాయ్ లెక్కలోకి వస్తుంది.

గుండె జబ్బున్నవాళ్లు ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు. అందుకే ముందు బీపీ చూశాను, ఈసీజీ తీయించాను, గుండె బాగుందని ఖాయం చేసుకున్నాకే ఆపించాను. నొప్పికి పారాసెటమాల్ రాసి, మోటర్లు చేతులతో లేపడం మాని గొలుసు కప్పీ పెట్టుకోమన్నాను.

కొన్నాళ్లకు పొద్దున్నే ఆస్పత్రికి వచ్చేసరికి వెనకవైపు గోల వినిపించింది. ఆపరేషన్ థియేటరుకు నీళ్లెక్కించే మోటరు గుర్రుమంటోంది. ఆ రోజు నాకు రెండు ఆపరేషన్లున్నాయి. వైండింగ్ కాలిపోయింది, మోటరు దించి రిపేరుకు పంపాలని ఎలక్ట్రీషియన్ అంటుంటే సూపరింటెండెంటు గారు తల పట్టుకున్నారు. చూపించుకోవడానికి వచ్చిన ఖాజామియా ఎవరూ పిలవకుండానే వెళ్లి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవి ముందర నొక్కి, కళ్లు మూసుకున్నాడు. ఇతను తప్పు చెబితే అందరి ముందూ తప్పయ్యేది నా వైద్యమే.

"వైండింగ్ మంచిగనే ఉన్నది సార్. ఎనక బేరింగు పోయింది," అన్నాడు.

విప్పితే వెనక బేరింగులో గుండు పగిలి ఉంది. బజారు నుంచి కొత్తది తెప్పించి బిగించారు. నీళ్లెక్కాయి, నా ఆపరేషన్లు జరిగాయి. సూపరింటెండెంటు గారు నావైపు చూశారు. ఆయన నాకు పెద్దవారే. నేను మాత్రం నవ్వు ఆపుకోలేదు.

మోత పూర్తిగా పోయిందా అని ఖాజామియాను అడిగాను.

"జరంత ఉన్నది మేడం. కని మోటరు మాట్లాడితె అది నోర్మూస్కుంటది," అన్నాడు.

దుకాణం మోతతో దెబ్బతిన్న ఆ కాస్త చెవికి నా దగ్గరా మందు లేదు, ఆ మాటే అతనికి చెప్పాను. ఆ ఏడు వేరుశనగ విత్తేటప్పుడు లింగాల పంపుసెట్లు అతనే చూశాడు. పుణే ఊసు మళ్లీ ఎత్తలేదు.

రిటైరయ్యే దాకా, ఏం మందులు వాడుతున్నావని అడిగాక, చాయ్‌తో ఏం వేసుకుంటావని ప్రతి రోగినీ విడిగా అడిగాను. కొత్తగా వచ్చిన డాక్టర్లు చాటుగా నవ్వేవాళ్లు. కొందరు ఆ ప్రశ్ననే తమ రోగులను అడగడం తర్వాత నా చెవులతో విన్నాను. చెవి మోతతో వచ్చినవాడికి కొత్త మందు రాసే ముందు, అతను మందు అనుకోకుండా మింగుతున్నదేమిటో కనుక్కోవాలి. ఖాజామియా కేసు నాకు నేర్పింది అదే.