ఉపేందర్‌రావు గారి తేనెటీగలు

కరీంనగర్‌లో పేరున్న వకీలు ఉపేందర్‌రావుకు తేనెటీగలంటే చచ్చేంత భయం. ఆయన భార్య ప్రమోదినికి అవంటే ప్రాణం. ఆమె ఈగల పెట్టెలు మేడ మీద ఉండేవి, ఆయన ఆఫీసు గది కింద ఉండేది. కాబట్టి సంసారానికి ఇబ్బంది రాలేదు.

ప్రమోదిని డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయాక ఊళ్లో ఎవరో పెట్టిన తేనెటీగల శిక్షణకు సరదాగా వెళ్లి, రెండు చెక్క పెట్టెలతో తిరిగొచ్చింది. తేనె అమ్ముకునే ఆలోచన ఆమెకు లేదు. మూత తీసి, మైనపు పెర కట్టిన చట్రాన్ని పైకెత్తి, రాణి ఈగ ఎక్కడ తిరుగుతోందో వెతుక్కుంటుంటే పూట ఇట్టే గడిచిపోయేది. దిగులల్లా ఎండాకాలంతోనే. ఎండలు ముదిరేసరికి ఈగలన్నీ పెట్టెలు ఖాళీ చేసి లేచిపోయేవి. శిక్షణ ఇచ్చినాయనను అడిగితే, "పోతే పోనియ్యుండ్రి అమ్మా, వానలు పడ్డంక మల్ల పట్టుకుందం" అన్నాడు.

1999 వేసవి మొదట్లో బస్టాండు దగ్గర సిద్దిరాములు అనే అతను ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. దేశదేశాల్లో ఈగలు పెంచేవాళ్లంతా ఒకరికొకరు రాసుకునే గుంపు ఒకటి అందులో ఉందని పేపర్లో చదివి, ప్రమోదిని గొడుగేసుకుని అక్కడికి వెళ్లింది.

"ఖాతా ఎవరి పేరు మీద తెరువమంటరు మేడం?" అన్నాడు సిద్దిరాములు.

కరెంటు మీటరు, ఫోను, గ్యాసు, ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే. నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "ఉపేందర్‌రావు" అంది.

ఆ గుంపులో ఒకరు రాసింది అందరికీ చేరుతుంది. తన ఈగలు ఎండకు పారిపోతున్నాయని, ఏం చేయాలో చెప్పమని, ఇంగ్లీషులో కూడబలుక్కుని రాసింది. మర్నాటికి జవాబులు వచ్చి పడ్డాయి. పెట్టెల చుట్టూ గడ్డి కట్టి మంచు తగలకుండా కాపాడమన్నాడు కెనడా నుంచి ఒకాయన. చెమట తుడుచుకుంటూ అది చదివి ప్రమోదిని పకపకా నవ్వింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి వామన్‌రావు కులకర్ణి అనే రిటైరైన అటవీ ఉద్యోగి మాత్రం ఈ ఎండ తెలిసిన మాట రాశాడు. పెట్టెల మీద పందిరి వేసి, తడి గోనెసంచులు కప్పి, పక్కనే మూకుడులో నీళ్లు పోసి గులకరాళ్లు వేయమన్నాడు. ఈగలు రాళ్ల మీద వాలి నీళ్లు తాగుతాయట. ఆమె అచ్చం అలాగే చేసింది. ఆ ఏడు ఒక్క పెట్టె కూడా ఖాళీ కాలేదు.

ఇక ఆ గుంపు ఆమెకు రెండో ఇరుగుపొరుగు అయింది. వేపపూత వస్తే రాసేది, పెట్టెలో పురుగు పడితే రాసేది. అక్కడా కొట్లాటలుండేవి. ఈగలకు చక్కెర నీళ్లు పెట్టవచ్చా లేదా అని ఇద్దరు తిట్టుకుంటుంటే, కరీంనగర్ ఉపేందర్‌రావు గారు ఏమంటారో కనుక్కుందాం అనేదాకా వచ్చింది.

చలికాలంలో ఒక శనివారం వామన్‌రావు నుంచి కబురుంది. పెద్దపల్లిలో పెళ్లికి వస్తున్నాడు, ఆదివారం కరీంనగర్ వచ్చి ఉపేందర్‌రావు గారిని కలుస్తాడు. ప్రమోదిని గబగబా లేచింది. ఇంటికొచ్చి భర్త ముందు కూచుంది.

"ఏమండి, రేపు మిమ్మల్ని చూస్తనని ఒకాయన వస్తుండు."

"కేసు సంగతా?"

"కాదు, ఈగల సంగతి. మీరు పెద్ద పెంపకందారని అనుకుంటుండు."

జరిగిందంతా చెప్పింది. ఆయన కాసేపు నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే కెనడల గుడ నా పేరు తెలుసా?"

"తెలుసు."

"గట్లయితే ఫికర్ జెయ్యకు. ఒక్క పూట నేనే పెంచుతున్న అంటె ఏం పోతది? కోర్టుల నాకు తెల్వని సంగతులు ఎన్ని మాట్లాడలే!"

నిజం చెప్పేద్దామని ఆమె బతిమాలినా వినలేదు. పడుకునేదాకా "రాణి ఈగ ఎంతుంటది? కుడుతదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

వామన్‌రావు బక్కపలచటి మనిషి. ఆసిఫాబాద్‌లో పుట్టి పెరిగినవాడు కాబట్టి మరాఠీ కలిసిన తెలుగు గలగలా మాట్లాడాడు. వస్తూనే ఉపేందర్‌రావును కావలించుకున్నాడు. చాయ్ సగం తాగి లేచాడు. "చలా రావు సాబ్, పెట్టెలు చూపియ్యుండ్రి. బండికి ఘాయి ఉన్నది, తొందరగ పోవాలె, మల్ల ఆలస్యమైతది."

మేడ మీద ఉపేందర్‌రావు పెట్టెలకు దూరంగా నిలబడి, జడ్జి ముందు వాదించినట్టు అందుకున్నాడు. "గీ రాణి ఉన్నది సూడుండ్రి, చాల బుద్ధిమంతురాలు..."

"తెరువుండ్రి మరి, చూద్దాం."

తప్పలేదు. కాలే మూకుడును తాకినట్టు మునివేళ్లతో మూత జరిపాడు. ఒక ఈగ లేచి నేరుగా ఆయన మీసం మీద వాలింది.

"ప్రమోదినీ! మీసంల జొచ్చింది! జల్ది రావె!"

మూత కింద పడింది, ఈగలు రొద చేస్తూ లేచాయి. ఆమె వచ్చి, "కదలకుండ్రి" అంటూ భర్త పెదవిలో దిగిన ముల్లును గోటితో గీకి తీసేసింది. ఈగలు సద్దుమణిగేలా పొగడబ్బాతో నాలుగు పొగలు వదిలి, ఉత్త చేతులతో చట్రాన్ని ఎత్తి చూసి, ఒక్క ఈగ కూడా నలగకుండా మెల్లగా దించి మూత పెట్టింది.

వామన్‌రావు ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నొసలు కొట్టుకున్నాడు.

"అరె! ఉపేందర్‌రావంటె మీరేనా బాయీ!"

"ఆమెనే, ఆమెనే!" అన్నాడు వకీలు పెదవి పట్టుకుని. "నేను ఉత్త మొగన్ని!"

ముగ్గురూ కూలబడి నవ్వారు. ఆ తర్వాత వామన్‌రావు, ప్రమోదిని పెట్టెల దగ్గర కూచుని ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, ఆయన బండి సంగతే మరిచిపోయాడు. ఆ రాత్రికి అక్కడే జొన్నరొట్టె తిని పడుకున్నాడు.

మర్నాడు ప్రమోదిని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, తానెవరో, ఆదివారం ఏం జరిగిందో పూసగుచ్చినట్టు గుంపుకు రాసింది. మోసం చేసిందనుకుంటారేమోనని రెండు రోజులు అటువైపు వెళ్లలేదు. వెళ్లి చూస్తే కోప్పడినవాళ్లు ఒక్కరూ లేరు. తానూ ఇన్నాళ్లు తన భర్త ఖాతాలోంచే రాస్తున్నానని న్యూజిలాండ్ నుంచి ఒకామె ఒప్పుకుంది. మిగతావాళ్లంతా వకీలు గారి పెదవి ఎలా ఉందని అడిగి, వాపుకు మందులు రాశారు. ఉల్లిగడ్డ రుద్దమని ఒకరు, సోడా ఉప్పు పట్టు వేయమని ఒకరు, కెనడా ఆయన మళ్లీ మంచే పెట్టమని.

ఆమె అవన్నీ చదివి వినిపిస్తుంటే ఉపేందర్‌రావు వాచిన పెదవితో గంభీరంగా విన్నాడు.

"మంచు అంటె మనకు ఐసుగడ్డే గద, తెప్పియ్యి," అన్నాడు. "కెనడాయనకు నా పేరు మీద గాదు, నీ పేరు మీదనే థ్యాంక్స్ రాయి."