అచ్చులో రాని సమీకరణం

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తూనే ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు. పాస్టరు గారికీ చెప్పలేదు. మీరు నాకు చుట్టమూ కారు, స్నేహితులూ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో ఖరగ్‌పూర్‌లో కాలేజీ పక్కన, పూరీ గేట్ దగ్గర, థీసిస్‌లు టైప్ చేసే చిన్న షాపులో పనిచేసేదాన్ని. నాతోపాటు, ఆ ఊళ్లోనే తెలుగువాళ్లుండే ఖరిదా నుంచి రత్నం అక్క వచ్చేది. టైప్ మిషన్ మీద అక్షరాలు కొట్టి, గణితం గుర్తులకి ఖాళీ వదిలి, వాటిని పెన్నుతో నింపేవాళ్లం. అలాంటిది మా యజమాని దాదా కంప్యూటర్ తెచ్చాడు! మామూలు అక్షరాల్లో ఆదేశాలు కొడితే చాలు, భిన్నాలూ వర్గమూలాలూ వాటంతటవే అమరి కాగితం మీదకి వచ్చేసేవి. మొదటి పేజీ చూసి అక్క నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"ఓలమ్మీ, సూడే! అచ్చం పుస్తకంలో నాగే వచ్చినాది!"

పొద్దున అక్క, మధ్యాహ్నం నేను దాని ముందు కూర్చునేవాళ్లం. నాకైతే లేవబుద్ధయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం ఒక పొడవాటి సమీకరణం దగ్గర కంప్యూటర్ మొరాయించింది. ఎక్కడో బ్రాకెట్ మూసి ఉండను. ఎంత వెతికినా దొరకలేదు. థీసిస్ రాసిన అబ్బాయి సాయంత్రానికి వచ్చేస్తాడు. ఆ వరస ముందు శాతం గుర్తు పెట్టాను. అలా పెడితే వరస ఫైల్లో ఉంటుంది గానీ అచ్చులోకి రాదు. తర్వాత సరిచేద్దామనుకున్నాను. మిగతా పేజీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే అబ్బ, ఎంత సంబరం! ఆ సంబరంలో మరిచిపోయానా? లేక గుర్తుండి కూడా, ఇంత అందంగా వస్తున్నదాన్ని ఆపడం ఇష్టంలేక ఊరుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

బైండు చేయించిన థీసిస్ పట్టుకుని ఆ అబ్బాయి తిరిగొచ్చాడు. అసలు ఫలితమైన ఆ సమీకరణమే అందులో లేదని గైడు తిప్పి పంపాడట. దాదా ఫైలు తెరిచి, శాతం గుర్తు మీద వేలు పెట్టి, "యే కిస్‌నే కియా?" అని, ఇది ఎవరి పని అని మా ఇద్దరినీ అడిగాడు.

అక్క తెర వంక చూసింది.

"పొద్దుట నానే కూకున్నాను, దాదా. నా సెయ్యే పడిందేమో."

అప్పుడైనా మాట్లాడొచ్చు కదా? మాట్లాడలేదు.

అక్కని మళ్లీ టైప్ మిషన్‌కి పంపేశారు. కొన్నాళ్లకి ఆ మిషన్‌కి పనే లేకుండా పోయింది. అక్క రావడం మానేసింది. నిజం చెప్పాలంటే అక్కని కంప్యూటర్ ముందు నుంచి లేపేసిన రోజు సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువ కలిగింది నాకు. కంప్యూటర్ ఇక రోజంతా నాదే అని!

క్షమించమని అడగను. ఎక్కడుందో గానీ, తన చెయ్యే పడిందని అక్క ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. కాదక్కా. ఆ గుర్తు పెట్టింది నేను.

అమ్మయ్య, అనేశాను.