ఉప్పు వేయని పైనాపిల్ జూస్

హనుమకొండలో నా జిరాక్స్ షాపు పక్కనే ఇమాం పాషా జూస్ బండి. ఎదురుగా స్కాన్ సెంటర్. పిత్తనాళాలు, క్లోమం చూసే ఎమ్మారైకి వచ్చినవాళ్లను ముందు ఈయన దగ్గరికే పంపుతారు. పైనాపిల్ జూస్ తాగి పడుకుంటే కడుపులోని నీళ్లు బొమ్మకు అడ్డం రావట, నాళాలు తేటగా కనబడతాయట. చక్కెర, ఉప్పు, ఐసు ఏదీ వేయకూడదు. అందుకని ఆయన వేరే స్టీలు జగ్గు పెట్టుకున్నాడు.

పదకొండేళ్లుగా అదే పని. గ్లాసు అందిస్తూ మనిషి కళ్లు చూస్తాడు. అవి పచ్చబడి ఉంటే ఆ పూట నాతో కబుర్లుండవు. స్కాన్ అయ్యాక టెక్నీషియన్ హరికృష్ణ బయటికొచ్చి, "మీతోని ఇంకెవలన్న వచ్చిండ్రా?" అని పేషెంటు మనుషుల్ని అడిగాడంటే, పాషా తల దించుకుని పండు చెక్కు తీస్తాడు. చెడ్డ కబురు ఉన్నప్పుడే ఆ మాట అడుగుతారని మా ఇద్దరికీ తెలుసు.

అంత తెలిసిన మనిషి ఇంట్లో ఏం చేశాడు? భార్య ఖతీజాబీకి కళ్లు పచ్చబడ్డాయని, ఒళ్లంతా దురదని తనే చెప్పాడు.

"స్కాన్ తీయించు పాషా భాయ్," అన్నాను.

"ఉత్త కామెర్లే అన్నా. పసరు తాపిస్తాన. ఫికర్ జెయ్యకు."

నలభై రోజులు తాపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వీధిలో అందరి కళ్లూ చూసేవాడికి పెళ్లాం కళ్లు కనబడలేదా? కనబడ్డాయి. చూసి భయపడ్డాడు, అంతే. ఆమె గాజులు మోచేతి దాకా జారుతుంటే, నిన్న పొద్దున ఆటోలో తీసుకొచ్చాడు.

ఆ స్టీలు జగ్గులోంచే జూస్ పోసి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఉప్పెయ్యలేదేంది? మర్సిపోయినవా?"

"వద్దన్నరు. తాగు."

"ఇంటికి పోయినంక ఉప్పేసి ఇయ్యాలె మల్ల."

ముక్కుపుడక తీసి ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

ముప్పావుగంట గడిచింది. గిరాకీ వచ్చి పిలిస్తే పాషా చెయ్యి ఊపి పంపేశాడు. తిడదామని లేచిన నేను, ఆయన కూర్చోడానికి షాపులోని స్టూలు తెచ్చి వేశాను.

హరికృష్ణ బయటికొచ్చాడు. రోజూ మెట్లు దిగకముందే "చాచా, ఒక గ్లాస్" అనేవాడు. నిన్న బండి దాకా నడిచొచ్చి, పండ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చాచా, మీతోని ఇంకెవలన్న వచ్చిండ్రా?"

పాషా ఈసారి తల దించలేదు. ముక్కుపుడక పిడికిట్లోనే ఉంది.

"నేనొక్కన్నే వచ్చిన బేటా," అన్నాడు. "నలభై రోజులు ఆలస్యం జేసి వచ్చిన."