గోగుకట్ట మీదకి నెట్టిన నేరం

ఆరేళ్ళయింది. ఆ మాట నా గుండెలో అలాగే కూకుని ఉన్నాది. దించుకోడానికి చోటు దొరకలేదు. ఇంట్లో చెప్తే ఇల్లు కూలిపోతాదని భయం. చెప్పకపోతే ఇంకో ప్రాణం మీదకి వస్తాదని ఇప్పుడు అంతకన్నా భయం. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తన్నాను.

మాది గజపతినగరం అవతల పల్లె. నువ్వులు, గోగు పండించుకుంటాం. నేను అయిదు దాకా చదివాను. అయితే నా చేతికి ఊళ్ళో పేరున్నాది. బిడ్డ అడ్డం తిరిగితే ఈవిడ ఆముదం రాసి కడుపు సవరిస్తాది, తల కిందకి వస్తాది అంటారు. ఎంతమందికి రాశానో. తిరిగినవి నా గొప్ప. తిరగనివి వాళ్ళ ఖర్మ అనుకునేదాన్ని.

అప్పుడు నా కోడలు పైడమ్మకి తొలిచూలు, తొమ్మిదో నెల. ఊరికొచ్చే నర్సమ్మ చూసి, "ఎదురుకాళ్ళలా ఉంది. స్కానింగు తీయించండి. నొప్పులు రాకముందే ఆపరేషను చెయ్యాల్సి రావొచ్చు" అన్నాది. నాకు తల కొట్టేసినట్టయింది. నా చెయ్యి ఇంట్లో ఉండగా కత్తా? ఆ మధ్యాహ్నమే పైడమ్మని చాప మీద పడుకోబెట్టి రాశాను. పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తల తగిలింది. మూడు రోజులు రాశాను. తల అక్కడే ఉన్నాది. నా వేళ్ళకి తెలుసు.

"తిరిగినాదా అత్తా?"

"తిరిగిపోనాదే. తిన్నగున్నాది. ఏ కోతా అక్కర్నేదు."

ఎందుకన్నాను? ఇంకో రెండు రోజులు రాస్తే తిరుగుతాదిలే అనుకున్నానా? గుమ్మంలో ముగ్గురు ఆడోళ్ళు వింటన్నారు, వాళ్ళ ముందు చిన్నబోతాననా? ఇన్నాళ్ళూ తిరగేసి చూసుకుంటన్నాను, తేలదు. నేను తిరిగిందన్నాక నా కొడుకు స్కానింగు మాటే ఎత్తలేదు.

నాలుగోనాడు మబ్బు పట్టింది. ఆరబెట్టిన గోగునార తడిసిపోతాదని పైడమ్మ ఒక కట్ట ఎత్తి వసారాలో పడేసింది. మర్నాడు పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. వెనకే చిన్న పాదం. అంబులెన్సులో పైడమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ, "బొడ్డుతాడు జారి నలిగిపోతోంది, బిడ్డకి గాలి అందట్లేదు" అని పరుగెత్తింది. కోసి తీశారు. తల్లి దక్కింది. బిడ్డ చాలాసేపు ఏడవలేదు.

తర్వాత డాక్టరమ్మ బయటకొచ్చి, "ఎదురుకాళ్ళని ముందు తెలీదా?" అన్నాది. మావోడు నాకేసి చూశాడు. అప్పుడు నా నోరు అన్న మాట ఇది:

"తిన్నగానే ఉన్నాదమ్మా. నిన్న గోగుకట్ట ఎత్తేసినాది. అప్పుడే తిరగబడిపోనాది."

"కట్ట ఎత్తితే బిడ్డ తిరగబడదమ్మా" అన్నాది ఆవిడ. ఆ మాట మా వాళ్ళెవరి చెవికీ ఎక్కలేదు. నా మాటే ఊరంతా తిరిగింది.

మనవరాలికి ఇప్పుడు ఆరేళ్ళు. కుడికాలు ఈడుస్తాది. మాట తెమలదు. పైడమ్మ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ, "నానే సేసుకున్నాను గదమ్మా" అంటాది. నేను పక్కనే చేటలో బియ్యం ఏరుతుంటాను. రాళ్ళు కనపడవు.

ఇప్పుడు మళ్ళీ దానికి ఎనిమిదో నెల. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అందరికీ కోత అక్కర్లేదట, మొదటిసారి కోసినా కొందరికి మామూలు కాన్పు అవుతాదట. కానీ పైడమ్మకి కోసిన తీరు వేరట, నొప్పులొస్తే పాత కుట్టు విడిపోవచ్చట, తల్లికీ బిడ్డకీ ముప్పట. అందుకే ముందే ఒక రోజు అనుకుని చేసేస్తామన్నాది. మావోడు నవ్వేసి, "మా యమ్మ సెయ్యే స్కానింగు. కరెంటు కూడా అక్కర్నేదు" అన్నాడు.

నిన్న పైడమ్మ చాప పరుచుకుని పడుకుంది. "ఓపాలి సెయ్యెట్టి సూడత్తా. తిన్నగున్నాదని నువ్వంటే సాలు, కోతకెల్లను. ఈపాలి సెంబుడు నీల్లు కూడా ఎత్తనేదు నాను."

ఎత్తలేదు. నిజమే. ఆరునెలలుగా కూతుర్ని కూడా చంకనెత్తుకోలేదు. నేను అన్న ఒక్క మాటకి.

"నా సెయ్యి నమ్మకే. డాక్టరమ్మ సెప్పిన రోజుకి ఎల్దాం" అన్నాను.

"ఏటయినాదత్తా?"

నేను చాప అంచు సర్దాను. "ముసిల్దానివైపోనావులే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిరికి నవ్వు ఇంకా మొహాన అంటుకునే ఉన్నాది. తెలిస్తే పైడమ్మ నా మనవరాల్ని నా దగ్గరకి రానిస్తాదా? రానివ్వకపోతే అది తప్పా?

బిడ్డ తిరగబడలేదు. మొదటినుంచీ అలాగే ఉన్నాది. కట్ట వల్ల కాదు, పైడమ్మ వల్ల కాదు. తెలిసి అబద్ధమాడింది నేను.

రాశాను. అంతా కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త లోపలికి దిగుతున్నాది. పైడమ్మ పది చదివింది. ఈ కాగితం నేను దాయను.