దశరథం కట్టిన లారీ ఇల్లు

కోరుట్లలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో దశరథం వడ్రంగి. అతను బిగించిన చెక్క ఎంత బరువు మోసినా కదలదని డ్రైవర్లు చెప్పుకునేవారు. అంత పనివాడికి అద్దె ఇల్లు మాత్రం నిలిచేది కాదు.

భార్య శాంత తమ్ముడు పరశురాములు చదువు మధ్యలో వదిలేసి అడవికి పోయి అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిసిపోయాడు. అప్పటినుంచి పోలీసులు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. తమ్ముడు వచ్చాడా, అన్నం పెట్టావా, ఎటు పోయాడు? ఇంటి ముందు జీపు ఆగితే చాలు, మర్నాడు ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడేవాడు. సిరిసిల్లలో అంతే, జగిత్యాలలో అంతే. కోరుట్లలో ఇల్లిచ్చిన విఠల్ మంచివాడు. అతనూ తలెత్తలేక నేల చూస్తూ అన్నాడు.

"ఏమనుకోకు దశరథం. జీపు సప్పుడైతే మా పిల్లలు మంచం కింద దూరుతున్నరు."

"నీ తప్పేమున్నదన్నా," అన్నాడు దశరథం.

షెడ్డు వెనక తుప్పు పట్టి పడి ఉన్న పాత మినీ లారీని యజమానిని అడిగి తీసుకున్నాడు. ఇంజను మెకానిక్ బాగుచేశాడు. మిగతాదంతా దశరథం చేతిపనే. లారీ వెనక భాగమంతా విప్పేసి ఇనుప చట్రం లేపుతుంటే శాంత వచ్చి చూసింది.

"గిదేంది?"

"ఇల్లు. ఖాళీ చెయ్యమనేటోడు లేని ఇల్లు."

"ఖాళీ చెయ్యమనరు. కదులుమంటరు," అని ఆమె నవ్వింది. ఆమె నవ్వి చాలాకాలమైంది.

వెల్గటూర్‌లో కూలగొట్టిన ఇంటి టేకు దూలాలు కోయించి నేలకు పలకలు పరిచాడు. సందులో సూది కూడా దూరకుండా బిగించాడు. గోడలకు రేకు, ఎండకు కాలకుండా లోపల గోనెపట్టా, దాని మీద పలుచని చెక్క. మడిస్తే గోడకు అతుక్కునే మంచం. కప్పు మీద నీళ్ల డ్రమ్ము. శాంత లోపల నిలబడితే తల తగిలింది. కప్పు మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. ఆమె బీడీలు చుట్టుకునే చోట వెలుతురు పడలేదని కిటికీ మార్చాడు.

ఆ ఇంట్లో వాళ్లు ధర్మపురి రేవు దగ్గర కొన్నాళ్లు, కోనరావుపేట రోడ్డు మీద కొన్నాళ్లు ఉన్నారు. దశరథం దారిలో ఎడ్లబండ్లు, ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసేవాడు. పోలీసులు అక్కడా ఆపి అడిగేవారు. కానీ మర్నాడు గుమ్మంలో నిలబడేవాళ్లు లేరు. "ఇప్పుడు జర కన్ను మలుగుతున్నది," అనేది శాంత, పొద్దున నిద్ర లేచి.

ఆ ఎండాకాలం ఒక పొద్దున వాళ్ల పక్కన జీపు ఆగింది.

"బండి కావాలి. సామాను దించు," అన్నాడు ఎస్సై.

"గిది బండి కాదు సారూ, మా ఇల్లు," అంది శాంత.

బోల్టులు విప్పే ఓపిక లేక కానిస్టేబుళ్లు మంచాన్ని పెరికేశారు. గిన్నెలు, తునికాకు కట్టలు రోడ్డు పక్కన పడేశారు. శాంతను వాటి మధ్య వదిలేసి, దశరథాన్నే నడపమని గుట్టల దాకా తీసుకుపోయారు.

ఎదురుకాల్పులన్నారు. మూడు శవాలు తెచ్చి పలకల మీద పెట్టారు. దశరథం ముందు బావమరిది కోసమే చూశాడు. లేడు. గుండెల్లోంచి బరువు దిగింది. అలా దిగినందుకు మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ ముగ్గురిలో ఒకరు ఆడపిల్ల. మూలన మిగిలిన బొంత మడిచి ఆమె తల కింద పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఆస్పత్రి దాకా గుంత వచ్చిన చోటల్లా బండి నెమ్మదిగా దాటించాడు. ఇక వాళ్లకు నొప్పి తెలియదని అతనికి తెలుసు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి శాంత రోడ్డు మీదే నిలబడి ఉంది.

"మా తమ్ముడా?"

"కాదు."

ఆమె బండి వెనక వైపు వెళ్లి పలకల మీది మరకలు చూసింది. "మరి ఎవల పిల్లలు?"

ఎంత కడిగినా పలకల మరకలు పోలేదు. దశరథం వాటిని పెరికి బండి కింద పేర్చి, కొత్తవి వేశాడు. అయినా శాంత లోపలికి రాలేదు. బయటే వండి, చెట్టు కింద చాప వేసుకుని పడుకునేది.

కొన్నాళ్లకు సిరిసిల్ల అవతలి పల్లె నుంచి లసుమవ్వ అనే ముసలామె దారంతా అడుక్కుంటూ వచ్చింది. ఆమె ఆస్పత్రికి చేరేలోపే కూతురి శవాన్ని పోలీసులు కాల్చేశారట.

"మా బిడ్డను తెచ్చిన బండి గిదేనా కొడుకా?"

"గిదేనవ్వా."

"ఏడ పండవెడితిరి?"

శాంత లేచి, బండి కింది నుంచి పాత పలకలు ఒక్కొక్కటే లాగి లోపల పరిచింది. ముసలామె వాటిని చేతితో తడిమి, వాటి మీదే పక్కకు తిరిగి పడుకుంది.

"మొకం మీద దెబ్బలున్నయా?" అంది అటు తిరిగే.

"లేవవ్వా. పండుకున్నట్టే ఉండె," అని దశరథం అబద్ధమాడాడు.

సాయంత్రం శాంత ఆమెను లేపి, అన్నం కలిపి తినిపించింది. పొద్దున సిరిసిల్ల బస్సు ఎక్కించేదాకా ఆమె పక్కనే లోపల ఉంది.

తర్వాత పోలీసులు ఆ బండి కోసం మళ్లీ మళ్లీ వచ్చారు. ప్రతిసారీ దశరథం నడిపాడు, ప్రతిసారీ ముందు ముఖాలు చూశాడు. చివరికి ఇక చూడలేక షెడ్డు దగ్గరికి తోలుకొచ్చి, చక్రాలూ ఇంజనూ విప్పేసి, ఆ ఇంటిని బండరాళ్ల మీద నిలబెట్టాడు. మళ్లీ జీపు వచ్చింది. ఎస్సై చుట్టూ తిరిగి చూసి, రేకు మీద లాఠీతో ఒకటి కొట్టి వెళ్లిపోయాడు.

ఎండకు కాలుతూ, వానకు మోగుతూ వాళ్లు అందులోనే చాలా ఏళ్లు బతికారు. పరశురాములు ఏమయ్యాడో చెప్పినవాళ్లు ఎవరూ లేరు.