రోజూ చనిపోయి ఇంటికొచ్చే మా వదిన

మొన్న పొద్దున వైట్‌ఫీల్డ్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో కాఫీ తాగుతూ కూర్చుని ఉండగా, లోపల అలమరలోంచి మా వదిన ఫోను మోగింది. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆవిడ పోయి ఏడాది దాటింది గానీ, గ్యాసు బుకింగూ కరెంటు బిల్లూ ఆ నంబరుకే ముడిపడి ఉండటంతో, తీసేయడానికి మనసొప్పక కూడా, ఆ ఫోనుకు ఛార్జింగు పెడుతూ వస్తున్నాం. తీసి చూద్దును కదా, ఆవిడ ఏ ఆసుపత్రిలో కన్నుమూసిందో ఆ ఆసుపత్రి నుంచే సందేశం. మీకు పుట్టినరోజు శుభాకాంక్షలు, నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండండి, ఈ వారంలో వస్తే పరీక్షలన్నీ తక్కువ ధరకే చేస్తాం అని రాసి ఉంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ చదివాను. ఆవిడ పోయిందని రాసుకున్నదే వాళ్లు, కాగితం మీద ముద్ర కొట్టి మా చేతికిచ్చిందీ వాళ్లే.

మా అమ్మాయిదీ నేను ఒకప్పుడు చేసిన ఉద్యోగమే, సాఫ్ట్‌వేరు టెస్టింగు. దానికి చూపిస్తే ఒక్క చూపు చూసి, చనిపోయినవాళ్లను రాసుకునే విభాగం వేరు, శుభాకాంక్షలు పంపే విభాగం వేరు, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు, మామూలేనమ్మా అనేసి బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. సందేశం చూసి ఎంత అదిరిపడ్డానో, ఆ 'మామూలే' విని అంతకు రెట్టింపు అదిరిపడ్డాను. మనిషి చచ్చాక కంప్యూటరులో ఏం జరుగుతుందో ఎవరూ చూడరు, చూడాల్సింది అక్కడే అని జీవితాంతం పోరిన మనిషికి వచ్చిన సందేశమిది.

టెస్టింగంటే ఏమిటని మన ఈడువాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. వండినవాళ్ల నాలుకను నమ్ముకోకుండా, వడ్డించేముందు ఇంకొకరు రుచి చూడటమే అని చెబుతుంటాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు రాసి ఇస్తే, మేం వాడి చూసి ఎక్కడెక్కడ తప్పుతుందో పట్టి చెప్పాలి, సరేనని సంతకం పెట్టాలి, అప్పుడుగానీ అది గుమ్మం దాటకూడదు. మన రోజుల్లో కంప్యూటర్లున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లమని చెబితే మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. ఆ గదిలో మాకు గుళ్లో ఉన్నంత భయభక్తులుండేవి.

నేను నెల్లూరు వైపు పిల్లను. నన్ను ఇచ్చిన ఇల్లు ఇక్కడికి దగ్గర్లోని వర్తూరులో ఉండేది. ఎప్పుడో తాతల నాడు ఈ కన్నడ సీమకొచ్చి స్థిరపడి, చెరువు పక్కన రాగులూ ఆకుకూరలూ పండించుకుంటూ బతికిన తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, అది ఉండాది, ఇది ఉండాది అనే వాళ్ల మాటతీరు విని కొత్తలో నేను బిక్కమొహం వేసేదాన్ని. సగం కన్నడం కలిపి అత్తగారు గబగబా తిడితే, తిట్టిందో మెచ్చుకుందో తెలియక అన్నిటికీ తల ఊపేదాన్ని. వదిన పెళ్లి వద్దనుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. నేను కాపురానికి వచ్చేనాటికే వైట్‌ఫీల్డులో ఒక కంపెనీలో టెస్టింగు బృందానికి పెద్దగా ఉండేది. చదువుకున్న పిల్ల గిన్నెలు తోముతూ కూర్చోవడమేమిటని తనే నన్ను ఆ ఉద్యోగంలో చేర్పించింది.

మా కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేరు చేసేది. రోగి చేరినప్పటినుంచి ఏ మంచం, ఏ మందు, వంటగదినుంచి ఏ పథ్యం, అన్నీ అందులోనే నడవాలి. పరీక్ష కోసం ఉత్తుత్తి రోగుల్ని మేమే పుట్టించాలి, చేర్పించాలి, నయం చేసి ఇంటికి పంపాలి. అక్కడిదాకా అందరం హుషారుగా చేసేవాళ్లం. చిక్కల్లా చివరి బొత్తాంతో వచ్చేది, రోగి మరణించినట్టు నమోదు చేసే బొత్తాంతో. దాని దగ్గరికి వచ్చేసరికి ఒకరికి తలనొప్పి, ఇంకొకరికి ఫోను. మా బృందంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, దేవుళ్లు వేరైనా ఆ బొత్తాం భయం మాత్రం అందరికీ ఒక్కటే. తెలిసినవాళ్ల పేరు పెట్టి నొక్కితే అశుభమని, కీబోర్డు మీద వేళ్లు పడ్డచోట నాలుగక్షరాలు కొట్టి, ఏఎస్‌డీఎఫ్ అనే మనిషిని పుట్టించి, వాడికి రోగమూ రొష్టూ ఏమీ రాయకుండా చటుక్కున చంపేసి చేతులు దులుపుకునేవాళ్లం.

చేరిన కొత్తలో ఒకరోజు వదిన కంప్యూటరు తెరలోకి తొంగిచూసి కొయ్యబారిపోయాను. రోగి పేరు చోట ఆవిడ పేరే ఉంది. వయసు ఆవిడదే, ఊరు వర్తూరు, జ్వరమని చేర్చుకుని, మంచం ఇచ్చి, రెండు పూటలా మందులు రాసి, పథ్యానికి గంజి చెప్పి, ఆఖరుకు తన చేత్తో తనే ఆ బొత్తాం నొక్కేసింది. నేను కెవ్వుమన్నాను. వదిన నావైపు తిరగనుకూడా లేదు. ఊరూ పేరూ లేనివాడికి గంజి ఆగిపోతే ఎవరికి పట్టింది, నా పేరైతే నాకు ఏం రావాలో ఏది రాలేదో ఒక్కొక్క తెరా తీసి వెతుకుతాను అని తాపీగా చెప్పి, టీకి లేచింది.

అలా వెతుకుతూనే ఒకనాడు ఆవిడ ఒక ఘోరాన్ని పట్టుకుంది. తన పేరుతోనే ఇద్దరు రోగుల్ని చేర్పించింది, ఒకామెకు జ్వరం, ఇంకొకామెకు చెయ్యి విరిగింది. ఇద్దరిదీ వర్తూరే, ఇద్దరికీ వయసు నలభై. జ్వరం ఆవిడ చనిపోయినట్టు నమోదు చేసి, రెండో ఆవిడ ఎలా ఉందో చూద్దామని వెళితే, ఆమె మంచం ఖాళీ అని చూపిస్తోంది, మందులు ఆగిపోయాయి, గంజీ ఆగిపోయింది. పేరూ వయసూ ఊరూ కలిస్తే ఇద్దరినీ ఒకే మనిషి అనుకుంటోంది సాఫ్ట్‌వేరు. చేయి విరిగినందుకు ఆసుపత్రిలో పడుకుని ఉన్న మనిషి, పక్క వార్డులో ఎవరో పోయినందుకు తిండీ మందూ లేక మాడాలన్నమాట.

ప్రోగ్రాము రాసినాయన ఒప్పుకోలేదు, ఇద్దరికి అన్నీ అలా కలవడం జరగని పని అన్నాడు. ఆయన పేరు మూడు బారలుండేది, ఆ పేరు ఇంకొకరికి ఉంటుందని ఆయన కలలోకూడా అనుకుని ఉండడు. వదిన ఆయన్నీ మేనేజరునీ క్యాంటీనుకు తీసుకెళ్లి, గుమ్మంలో నిలబడి తన పేరు తనే గట్టిగా పిలిచింది. గిన్నెలు కడిగే ఆవిడ ఒకరు, గచ్చు తుడిచే ఆవిడ ఒకరు ఇటు తిరిగారు. ఊరడిగితే ఇద్దరిదీ వర్తూరే. వయసెంతని అడిగితే ఇద్దరూ నలభై ఉంటుందిలే అన్నారు. పుట్టిన తేదీ తెలియని మన ఆడవాళ్లకు ఆసుపత్రిలో అడిగితే ముప్పై, నలభై, యాభై తప్ప వేరే వయసులుండవు కదా. మేనేజరు అక్కడికక్కడే తప్పు ఒప్పుకున్నాడు. అత్తిబెలె వైపు కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రి ముహూర్తం పెట్టుకుని మా సాఫ్ట్‌వేరు కోసం ఎదురుచూస్తోంది. ముహూర్తంలోగా సరిచేయిస్తాను, చేయించాక మాత్రం మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి, లేదంటే నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర, వదిన గొప్ప చెబుదామని నేను ఇదంతా అత్తగారికి పూసగుచ్చినట్టు చెప్పాను. నా నోట్లో నువ్వు గింజ నానదని ఊరికే అంటారా. ఆవిడకు ఉద్యోగం గొప్ప ఏదీ చెవికెక్కలేదు, కూతురు తన చావు తనే రాసుకుంటోందన్న ఒక్క ముక్కే ఎక్కింది. చేతిలో ముద్ద కంచంలో పడేసింది.

"నా కూతురు దినామూ సచ్చి ఇంటికొస్తా ఉండాదా? ఇట్లాంటి కూడు నాకు బేడ అప్పా, సాకు."

కన్నడంలో వద్దూ చాలూ అనేసి, కంచం ముందునుంచి లేచిపోయింది. వదిన చేత తన నెత్తిన చెయ్యి పెట్టించుకుని, ఇక ఎన్నడూ తన పేరు రాసుకోనని ఒట్టు వేయించుకునేదాకా మంచినీళ్లయినా ముట్టలేదు. ఒక్క అక్షరం తప్పినా వదలని మా వదిన, వాళ్లమ్మ ఏడుపు ముందు చిన్నపిల్లలా తలవంచడం చూసి నాకు మతిపోయింది.

ముహూర్తం దగ్గరపడ్డాక సరిచేసిన సాఫ్ట్‌వేరు చేతికొచ్చింది. ఒట్టు ఉంది కాబట్టి వదిన ఏదో పేరు కల్పించి, ఆ పేరుతో ఇద్దరిని చేర్పించి, ఒకరిని చంపి చూసింది. రెండో మనిషి మంచం అలాగే ఉంది, మందులు అలాగే ఉన్నాయి. పైగా బొత్తాం నొక్కగానే, ఇదే పేరుతో ఇంకొకరున్నారు, మీరంటున్నది ఈమేనా అనే ప్రశ్న కూడా వస్తోంది. ఆ ప్రశ్న వదిన అడిగి పెట్టించిందే. అయినా సంతకం మర్నాడు పెడతానని ఇంటికొచ్చింది. ఎందుకో మనసు కుదుటపడలేదంది.

ఇంట్లో అత్తగారు ఇంకా మూతి ముడుచుకునే ఉంది. ఇంతకీ ఆ పని చెయ్యకుంటే ఏమవుతుంది అని గోడవైపు చూస్తూ అడిగింది. వదిన పక్కన కూర్చుని, ఒకే పేరున్న ఇద్దరాడవాళ్ల కథ మొదటినుంచి చెప్పింది. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆ రెండో ఆమెకి గంజి పోసినారా లేదా, అది సూసినావా?"

వదిన గంజి చూడలేదు. మంచం చూసింది, మందులు చూసింది. కల్పించిన పేరు కావడంతో, దానికి ఆకలి ఉంటుందన్న సంగతి ఆవిడకు తట్టలేదు. అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుని, నేను కలలోకూడా అనుకోని మాట అంది.

"నా పేరు రాసుకో పో. నేను ఎట్లాగూ పొయ్యేదాన్నే కదా. ఆమె ఎవురో ఏమో, గంజి లేకుండా పడుండకూడదు."

మర్నాడు వదిన వాళ్లమ్మ పేరు రెండుసార్లు కొట్టింది. బొత్తాం నొక్కేముందు ఆవిడ వేళ్లు ఆగడం నేను పక్కనే ఉండి చూశాను. నొక్కి, నేరుగా వంటగది తెరకు వెళితే, రెండో అత్తగారికి గంజి ఆగిపోయి ఉంది. మంచాలూ మందులూ చూసే భాగం సరిచేశారు, వంటగది భాగం ఇంకొకరిది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మేనేజరు తెర చూసి, వదినను చూసి, ఆసుపత్రికి ఫోను చేశాడు. ముహూర్తం తప్పింది, ఆసుపత్రివాళ్లు నానా మాటలూ అన్నారు, అయినా వంటగది కుదిరేదాకా వదిన సంతకం పెట్టలేదు. ఆవిడ ఉద్యోగం ఊడుతుందని వారంపాటు నాకు అన్నం సహించలేదు గానీ, చిత్రం, ఆ మేనేజరే ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్లనూ ముందు మా వదిన పక్కన కూర్చోబెట్టేవాడు.

అత్తగారికి మాత్రం అదొక వేడుకైపోయింది. సాయంత్రం కంపెనీ బస్సు దిగి మేం గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఏమప్పా, ఈపొద్దు నన్ను సంపినావా అని అడిగేది. చంపాను అంటే, గంజి వచ్చిందా అనేది. వచ్చిందంటే, నవ్వుకుంటూ మాకు కాఫీ కలపడానికి లేచేది. కొన్నేళ్లకు ఆవిడ నిజంగానే పోయాక, వదిన ఆ పేరు కొట్టడానికి చెయ్యి రాక మళ్లీ తన పేరుకే వచ్చింది. వద్దని ఒట్టు వేయించుకునే మనిషి ఇంట్లో లేదు.

పోయిన ఏడాది గుండెపోటు వచ్చి వదినను ఆసుపత్రిలో చేర్చాం. రెండోనాడు మధ్యాహ్నం పోయింది. మా ఆయన బెంచీ మీద కూర్చుండిపోతే, కాగితాల కోసం కౌంటరు దగ్గరికి నేనే వెళ్లాను. అక్కడి అమ్మాయి వదిన పేరు కొట్టింది. తెరమీద ఒక ప్రశ్న లేచింది, ఇదే పేరుతో ఇంకొకరున్నారు, ఈమేనా అని. ఆ సాఫ్ట్‌వేరు మాది కాదు, ఎవరు చేశారో నాకు తెలియదు. నేను ఆ ప్రశ్న చదవడం పూర్తికాకముందే ఆ అమ్మాయి అవునని నొక్కేసింది. చదివావా అమ్మా అని అడిగాను.

"అది డైలీ వస్తుంది మేడమ్, జస్ట్ ఓకే కొట్టేస్తాం."

వదిన పోయిందని డాక్టరు చెప్పినప్పుడు నిలదొక్కుకున్న నేను, ఆ మాటకు కౌంటరు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ ఇంకొకామె ఎక్కడుందో చూడమన్నాను. మూడో అంతస్తులో ఉందంది. మంచం ఉందా అన్నాను, ఉందంది. మందులు నడుస్తున్నాయా అన్నాను. నాకు దుఃఖంతో మతి చలించిందనుకుందో ఏమో, పాపం, విసుక్కోకుండా ఒక్కొక్కటీ తీసి చూసింది. చివరికి భోజనం సంగతి అడిగాను.

"లంచ్ వెళ్లిపోయింది మేడమ్. రసం రైస్."

అప్పుడు సంతకం పెట్టాను. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

ఇప్పుడు టెస్టింగులో ఉత్తుత్తి రోగుల పేర్లన్నీ యంత్రమే పుట్టిస్తుందట. వేలమందిని రెప్పపాటులో చేర్చుకుని, చంపి, తప్పొప్పులు తనే చూసుకుంటుందట. మాకు విసుగూ అలసటా ఉండేవి, దానికవి లేవు, పని మాకంటే బాగానే చేస్తుందేమో, నేను కాదనను. కానీ ఆ వేల పేర్లలో ఒక్కటీ ఎవరి అమ్మ పేరూ కాదు, అది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది.