గబ్బిలం ఎంగిలి

కొల్లాపూర్ సంతలో మామిడిపండ్ల వాసన తగిలితే చాలు, నా చేయి తనంతట తానే పండును అటూ ఇటూ తిప్పుతుంది. పంటిగాటు ఉందేమోనని. "జర జల్ది తీస్కో అక్కా, అన్నీ మంచియే" అని పండ్లామె విసుక్కుంటుంది. ఆమెకేం తెలుసు, ఈ అలవాటు ఖాజాబీ పెద్దమ్మదని!

మా మామిడితోటను ఏటా ఖాజాబీ పెద్దమ్మే గుత్తకు పట్టేది. తోట మధ్యన పెద్ద చింత, దాని నిండా తలకిందులుగా గబ్బిలాలు. చిన్నప్పుడు తెల్లవారగానే రాలిన పండ్లు ఏరుకోవడానికి పరుగెత్తేదాన్ని. గబ్బిలం కొరికిన పండే తియ్యన అని మా ఊరి నమ్మకం. ఒకసారి నోటిదాకా వెళ్లిన పండును ఆమె లాగేసుకుంది.

"తియ్యగుంటది పెద్దమ్మా!" అని ఏడ్చాను.

"మీ తమ్ముడు తాగిన గిలాసల నీళ్లు తాగవు గని, గబ్బిలం ఎంగిలి తింటవా? దాని నోట్ల ఏ రోగముంటదో తెల్వదని పశువుల డాక్టర్ సాబ్ చెప్పిండు. దానిది దానికి, మనది మనకు."

కొరికిన పండ్లను గుంత తీసి పూడ్చేది. గబ్బిలాల మీద మాత్రం ఒక్క రాయి పడనిచ్చేది కాదు. సాయంత్రం ఆమె పక్కన నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే, ఎర్రటి ఆకాశంలో అవి చప్పుడు లేకుండా కృష్ణా నది వైపు ఈదుకుంటూ పోయేవి. చూస్తూ చూస్తూ నేనూ వాటి వెంట తేలిపోతున్నట్టే ఉండేది.

కరోనా వచ్చిన ఎండాకాలం, అంతా గబ్బిలాల వల్లేనంటూ నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. చదువుకున్నదాన్ని కదా, గొప్పగా నాన్నకు చూపించాను. మరునాడే ఆయన గొడ్డళ్లతో నలుగురిని వెంటబెట్టుకొని చింత దగ్గరికి నడిచాడు. ఖాజాబీ పెద్దమ్మ చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

"చెట్టు కొడితే అవి యాడికి పోతయ్ పటేలా? మన ఇండ్ల మీదికే. దూరమున్నదాన్ని మనమే పిలుచుకున్నట్టయితది."

"తోట నాదా, నీదా?" అన్నాడు నాన్న.

"తోట నీదే. రోగమొస్తే ఊరందరిది."

నాన్న గొడ్డలి దించాడు. నలుగురిలో మాటపడ్డానన్న కోపం మాత్రం దించుకోలేదు. ఆ కాపు అయిపోగానే, ఇక తోట ఇవ్వనన్నాడు. ఆమెకు బువ్వపెట్టేది ఆ తోటే. వెళ్లిపోయే రోజు మా అరుగు మీద గంపెడు పండ్లు దించింది.

"ఒక్కొక్కటి తిప్పి చూసి పెట్టిన బిడ్డా. భయం లేకుండ తిను."

వీడియో చూపించింది నేనేనన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఛీ, ఎంత పిరికిదాన్ని!

ఆమె చనిపోయి రెండేళ్లయింది. చింత అలాగే ఉంది. ఈరోజు సంత నుంచి తెచ్చిన పండ్లను ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే, "ఏం ఎతుకుతున్నవమ్మా?" అని నా కూతురు అడిగింది. ఖాజాబీ పెద్దమ్మ గురించి చెప్పాను, ఆ వీడియో దగ్గర్నుంచే మొదలుపెట్టి.